సీరం పాలలా ఉంది: ఏ రిపోర్టు ఇవ్వొచ్చు, ఏది ఆపాలి?

బెజవాడ_టెక్నీషియన్:

సూర్యారావుపేటలో చిన్న ల్యాబ్. ఈ ఉదయం 7:10కి తీసిన శాంపిల్ ఇది. మగ, 46 ఏళ్లు, షుగర్ ఉంది, రాత్రి పదింటికి భోజనం. సెంట్రిఫ్యూజ్ చేశాక సీరం (గడ్డకట్టిన రక్తంలోంచి వేరయ్యే ద్రవం) చిక్కటి పాలలా వచ్చింది. ట్యూబు వెనక కాగితం పెడితే అక్షరాలు అసలు కనపడటం లేదు.

వచ్చిన అంకెలు ఇవి. గ్లూకోజ్ 312. ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో కొవ్వు) నేరుగా పెడితే మెషీన్ కొలవగల హద్దు దాటిందని లీనియారిటీ ఫ్లాగ్, 1+9 డైల్యూషన్‌తో (ఒక వంతు సీరం, తొమ్మిది వంతుల సెలైన్) 2860. కొలెస్టరాల్ 342, హెచ్‌డీఎల్ 28. ఎల్‌డీఎల్ దగ్గర సాఫ్ట్‌వేర్ మైనస్ 258 అని వేసింది. టోటల్ ప్రొటీన్ 9.1, ఫాస్ఫరస్ 7.9. ఎస్‌జీపీటీ (లివర్ ఎంజైమ్) రాలేదు, అబ్సార్బెన్స్ (సీరం ఆపే కాంతి) లిమిట్ దాటిందని ఆపేసింది. మా చిన్న ఎలక్ట్రోలైట్ మెషీన్‌లో సోడియం 136. అదే సీరం పెద్ద ల్యాబ్‌కి పంపితే 130 అన్నారు. సీబీసీలో (రక్తకణాల లెక్క) హిమోగ్లోబిన్ 15.4, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 39, ఆర్‌బీసీ 4.5, ఎంసీహెచ్‌సీ (ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ గాఢత) 39.5.

అడగాలనుకున్నవి: సోడియం ఎవరిది కరెక్ట్? సీరం మొత్తాన్ని సెలైన్‌తో పలుచన చేసి అన్ని టెస్టులూ మళ్ళీ వేసి గుణించేస్తే సరిపోతుందా? మామూలు సెంట్రిఫ్యూజ్‌లో ఇంకో అరగంట తిప్పితే కొవ్వు విడుతుందా? డాక్టరుగారు సాయంత్రానికల్లా రిపోర్టు కావాలంటున్నారు.

గుంటూరు_బయోకెమ్:

సోడియం మీదే కరెక్ట్. ముందు అది చెప్పేస్తే ఆ డాక్టరుగారు అనవసరంగా సెలైన్ మార్చకుండా ఉంటారు.

కారణం ఇది. మామూలు సీరంలో 93 శాతం నీళ్ళు, మిగతా 7 శాతం ప్రొటీన్లు, కొవ్వులు. సోడియం ఉండేది నీళ్ళలోనే. పెద్ద ఆటో ఎనలైజర్లలో ఐఎస్‌ఈ (సోడియం లాంటివి చదివే ఎలక్ట్రోడ్) ముందు సీరాన్ని కొలిచి తీసుకుని, బాగా పలుచన చేసి, అప్పుడు చదువుతుంది. దీన్నే ఇండైరెక్ట్ పద్ధతి అంటాం. నీళ్ళు ఎప్పుడూ 93 శాతమే అన్న లెక్క మీద అది నడుస్తుంది. కొవ్వు చోటు ఆక్రమించినప్పుడు అది తీసుకున్న చుక్కలో నీళ్ళు తక్కువ, కాబట్టి సోడియమూ తక్కువ చూపిస్తుంది. మీ చిన్న మెషీన్ సీరాన్ని పలుచన చేయకుండా నేరుగా చదువుతుంది. రక్తంలో గ్యాసులు చూసే ఏబీజీ మెషీన్ కూడా అంతే. వీటికి ఈ బెడద లేదు. డాక్టర్లు వాడే మోటు లెక్క ఒకటుంది: ట్రైగ్లిజరైడ్స్‌ని 0.002తో గుణిస్తే ఇండైరెక్ట్ పద్ధతిలో సోడియం ఎంత తగ్గి కనపడుతుందో వస్తుంది. 2860కి 5.7. మీ రెండు అంకెల మధ్య తేడా 6. పొటాషియం, క్లోరైడ్ కూడా అదే నిష్పత్తిలో తగ్గుతాయి. పొటాషియం అంకె చిన్నది కాబట్టి తేడా కంటికి కనపడదు, అంతే.

దీంతో ఇంకోటి కలిపేయకండి. గ్లూకోజ్ 312 ఉన్నప్పుడు సోడియం నిజంగానే కొంత తగ్గుతుంది. 100 పైన ప్రతి వందకీ 1.6 అని వార్డుల్లో లెక్క వేస్తారు. మీ 136లో ఆ తగ్గుదల ఉంది, అది నిజం. 130లో ఉన్న మిగతాది మెషీన్ భ్రమ.

ఇక సీరం సంగతి. ఇలా కొవ్వుతో మసకబారిన సీరాన్ని లైపీమిక్ అంటాం. మసకకి కారణం ట్రైగ్లిజరైడ్స్‌ని మోసే కైలోమైక్రాన్లు, పెద్ద సైజు వీఎల్‌డీఎల్ కణాలు. ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ ఎంత పెరిగినా సీరం తెల్లబడదు. ఈ కణాలు కాంతిని చెదరగొడతాయి. తరంగదైర్ఘ్యం తగ్గే కొద్దీ చెదరడం ఎక్కువ. 700 నానోమీటర్ల దగ్గర కొద్దిగా, 340 దగ్గర విపరీతంగా. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, ఫాస్ఫరస్ మూడూ 340 దగ్గరే చదివేవి. అందుకే ఒకటి ఆగిపోయింది, ఇంకోటి 7.9 చూపించింది. టోటల్ ప్రొటీన్ 546 దగ్గర చదువుతారు. శాంపిల్ బ్లాంక్ (సీరం మసకని విడిగా చదివి తీసేయడం) లేని ఎండ్ పాయింట్ పద్ధతి (చివర్లో ఒక్కసారే చదివేది) అయితే మసకంతా ప్రొటీన్ కిందే లెక్కలోకి పోతుంది. మీ 9.1 అలా వచ్చిందే. మొదటి రీడింగు తీసేసి మార్పును మాత్రమే లెక్క వేసే కైనెటిక్ పద్ధతులు కొంత మేలు. కానీ మొదటి అబ్సార్బెన్సే డిటెక్టర్ హద్దు దాటితే వాటికీ దారి లేదు. మీ ఎస్‌జీపీటీకి జరిగింది అదే.

ఇప్పుడు చేయాల్సిన వరస. ఇది తప్పితే తర్వాత ఏం చేసినా లాభం లేదు. ముందుగా అసలు సీరాన్ని నాలుగైదు సార్లు మెల్లగా తలకిందులు చేసి బాగా కలపండి. కొవ్వు నిలకడ మీద పైకి తేలుతుంది. మెషీన్ ప్రోబ్ పైనుంచి పీలుస్తుంది. అరగంట ట్రేలో కూర్చున్న ట్యూబులో మళ్ళీ వేస్తే ట్రైగ్లిజరైడ్స్ వేరుగా వచ్చేది ఇందుకే. కలిపిన సీరంలోంచే ట్రైగ్లిజరైడ్స్, కొలెస్టరాల్ తీసుకోండి. కొవ్వు తీసేశాక ఈ రెండూ ఇక ఎప్పటికీ రావు. ఈ రెండు రీఏజెంట్లలో డిటర్జెంట్ ఉంటుంది, ట్రైగ్లిజరైడ్స్ దాంట్లో లైపేజ్ కూడా ఉంటుంది. రియాక్షన్ జరిగే కొద్దీ మసక విడిపోతుంది కాబట్టి డైల్యూషన్‌తో వచ్చిన మీ 2860ని నమ్మొచ్చు.

ఆ తర్వాత ఇంకో భాగాన్ని 1.5 మిల్లీలీటర్ల మైక్రో ట్యూబులో పోసి 10,000 జి దగ్గర 15 నిమిషాలు తిప్పండి. ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) కాదు, జి (గురుత్వాకర్షణకి ఎన్ని రెట్ల బలం అన్నది). జి లెక్క: 0.00001118ని రోటర్ వ్యాసార్ధంతో, అది సెంటీమీటర్లలో, గుణించి, ఆర్‌పీఎం వర్గంతో మళ్ళీ గుణించాలి. 15 సెంటీమీటర్ల రోటర్ 3500 ఆర్‌పీఎం మీద తిరిగితే దాదాపు 2050 జి మాత్రమే. కాబట్టి మీ మామూలు సెంట్రిఫ్యూజ్‌లో అరగంట కాదు, రెండు గంటలు తిప్పినా ఆ సీరం తేటపడదు. 8 సెంటీమీటర్ల మైక్రో సెంట్రిఫ్యూజ్‌లో సుమారు 10,600 ఆర్‌పీఎం కావాలి. పీసీఆర్ చేసే ల్యాబ్‌లో, కాలేజీ బయోకెమిస్ట్రీ డిపార్టుమెంట్లలో ఈ యంత్రం ఉంటుంది.

తిప్పాక పైన మీగడలా తెట్టు కడుతుంది. దాన్ని తోడి తీయబోవద్దు, కలిసిపోతుంది. ఇన్సులిన్ సిరంజీనో సన్నటి టిప్పునో ట్యూబు గోడ పక్కనుంచి దింపి, అడుగు తాకకుండా కింది తేట సీరం లాగండి. బయటికి తీశాక టిప్పు బయటి వైపు టిష్యూతో తుడవండి. అక్కడ అంటుకున్న కొవ్వు కొత్త ట్యూబులో పడితే పడిన శ్రమంతా పోతుంది. ఆ తేట సీరంతో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, ఫాస్ఫరస్, ప్రొటీన్, క్రియాటినిన్, బిలిరుబిన్ వేయండి.

పలుచన చేసి గుణించడం గురించి: ఎక్కువగా ఉన్న విలువలకి మాత్రమే. ఎస్‌జీపీటీ 30 ఉన్న సీరాన్ని 1+4 చేస్తే మెషీన్ 6 చదవాలి. ఆ అడుగున మెషీన్‌కి 2 అటో ఇటో మామూలే. దాన్ని ఐదుతో గుణిస్తే 20 కావచ్చు, 40 కావచ్చు. అలాంటి అంకెని రిపోర్టులో వేయకూడదు.

ఎల్‌డీఎల్ మైనస్ 258 ఎలా వచ్చిందో మీకు తెలిసే ఉంటుంది: 342లోంచి 28, 2860లో ఐదో వంతు 572 తీసేశారు. ఇదే ఫ్రీడ్‌వాల్డ్ లెక్క, ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే పనికిరాదు. సాఫ్ట్‌వేర్‌లో ఆ హద్దు పెట్టించి, దాటితే ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్ రెండూ ఖాళీగా వదిలేలా చేయండి. డైరెక్ట్ ఎల్‌డీఎల్, డైరెక్ట్ హెచ్‌డీఎల్ కిట్లకీ ట్రైగ్లిజరైడ్స్ హద్దు ఉంటుంది. ఆ కాగితం తీసి చూడండి. హెచ్‌డీఎల్ 28 అన్నది ఆ హద్దు దాటి వచ్చిందైతే, దాన్నీ ఆపాల్సిందే.

ఈడీటీఏ_ట్యూబు:

సీబీసీ సంగతి చెబుతాను. హిమోగ్లోబిన్‌ని 3తో గుణిస్తే హెమటోక్రిట్‌కి దగ్గరగా రావాలి. 15.4 కి 46 రావాలి, మీకు 39 ఉంది. ఎంసీహెచ్‌సీ 36 దాటిందంటే ఆగి చూడాల్సిందే. ఎర్రకణంలో అంతకన్నా హిమోగ్లోబిన్ పట్టడం దాదాపు జరగదు, స్ఫెరోసైట్లు (గుండ్రటి ఎర్రకణాలు) ఉన్నప్పుడు కొద్దిగా పెరగొచ్చు. మెషీన్ హిమోగ్లోబిన్ చదివేది 540 నానోమీటర్ల చుట్టుపక్కల. ప్లాస్మాలో ఉన్న కొవ్వు మసక కూడా రంగు కిందే లెక్కవుతుంది. ఆర్‌బీసీ, ఎంసీవీ (ఎర్రకణం సైజు) వేరే దారిలో వస్తాయి కాబట్టి అవి సాధారణంగా బాగానే ఉంటాయి.

సరి చేయడానికి రెండు దారులు. ఒకటి ప్లాస్మా బ్లాంక్. ఈడీటీఏ (గడ్డకట్టనివ్వని మందు) ట్యూబులోని రక్తంలో కొంత తీసి తిప్పి, ప్లాస్మా ఒక్కటే మెషీన్‌లో పెట్టండి. అది చూపించే హిమోగ్లోబిన్ అంతా మసకే. మీకు 3.4 వచ్చిందనుకుందాం. రక్తంలో ప్లాస్మా వాటా 1 లోంచి 0.39 తీస్తే 0.61. మూడు పాయింటు నాలుగుని దాంతో గుణిస్తే 2.07. పదిహేను పాయింటు నాలుగులోంచి తీసేస్తే 13.3. ఇప్పుడు ఎంసీహెచ్‌సీ 34.1, ఎంసీహెచ్ (ఒక్కో ఎర్రకణంలో హిమోగ్లోబిన్) 29.6, హిమోగ్లోబిన్‌ని మూడుతో గుణిస్తే 40. అంకెలన్నీ ఒకదానితో ఒకటి సరిపోయాయి. హిమోగ్లోబిన్ మార్చాక ఎంసీహెచ్, ఎంసీహెచ్‌సీ కూడా మళ్ళీ లెక్కవేసి రాయాలి. చాలామంది ఇక్కడే మర్చిపోతారు.

రెండోది ప్లాస్మా మార్పిడి. 1 మిల్లీలీటరు రక్తం తిప్పి, ప్లాస్మా తీసేసి, సరిగ్గా అంతే సెలైన్ పోసి, కలిపి మళ్ళీ వేయడం. ఇందులో కొలత తప్పితే హిమోగ్లోబిన్ తప్పుతుంది. అందుకే రెండోసారి ఆర్‌బీసీ మొదటి 4.5కి దగ్గరగా వచ్చిందో లేదో చూడండి, రాకపోతే పారేసి మళ్ళీ చేయండి. ఈ రెండో రన్‌లోంచి హిమోగ్లోబిన్ మాత్రమే తీసుకోవాలి. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కొన్ని ప్లాస్మాతో పోయి ఉంటాయి.

పెద్ద కొవ్వు బొట్లని మెషీన్ ప్లేట్‌లెట్లుగా, ఒక్కోసారి తెల్లకణాలుగా లెక్కపెడుతుంది. ప్లేట్‌లెట్ హిస్టోగ్రామ్ వంకరగా ఉంటే స్మియర్ (స్లైడు మీద పూసిన రక్తం) మైక్రోస్కోపులో చూసి ఇవ్వండి.

సిట్రేట్_నీలం:

ఆ పేషెంట్‌కి పీటీ, ఏపీటీటీ (రక్తం గడ్డకట్టే టైము చూసే టెస్టులు) కూడా రాస్తే ఒక మాట. కాంతితో గడ్డని గుర్తించే (ఆప్టికల్) మెషీన్లు ఇలాంటి ప్లాస్మాలో గడ్డ కట్టిన క్షణాన్ని పట్టలేవు. టైము రాదు, లేదా తప్పు టైము వస్తుంది. గోళీ కదలిక ఆగడాన్ని చూసే మెకానికల్ మెషీన్‌కి ఈ ఇబ్బంది లేదు. మీ దగ్గర ఆప్టికల్ మాత్రమే ఉంటే ప్లాస్మాని మెకానికల్ ఉన్నచోటికి పంపండి. దూరమైతే ప్లాస్మా వేరు చేసి పంపాలి, రక్తంతో కలిపి వద్దు.

పైన గుంటూరు మేడమ్ చెప్పినదానికి ఒక చేర్పు. 10,000 జి కైలోమైక్రాన్లకి బాగా పనిచేస్తుంది. వీఎల్‌డీఎల్ కణాలు చిన్నవి, అవి పూర్తిగా పైకి రావు, కింద సీరం ఇంకా మబ్బుగానే ఉంటుంది. ఏది ఎక్కువ ఉందో తెలియడానికి కొంచెం సీరాన్ని 4 డిగ్రీల్లో రాత్రంతా కదపకుండా ఉంచండి. పైన మీగడ కట్టి కింద తేటగా ఉంటే కైలోమైక్రాన్లు. మీగడ లేకుండా అంతా ఒకేలా మబ్బుగా ఉంటే వీఎల్‌డీఎల్. రెండూ ఉంటే రెండూ కనపడతాయి. వీఎల్‌డీఎల్ సీరాన్ని పూర్తిగా తేట చేయాలంటే లక్ష జి దాటే అల్ట్రా సెంట్రిఫ్యూజ్ కావాలి. అది మామూలు ల్యాబుల్లో ఉండదు. కాబట్టి అక్కడ మొండిపట్టు పట్టకుండా ఆ టెస్టు ఆపడమే మంచిది.

కొవ్వు తీసే రసాయనాలు కొని వాడేముందు జాగ్రత్త. వాటిలో కొన్ని కొవ్వుతోపాటు కొన్ని ప్రొటీన్లనీ లాగేస్తాయి, సీఆర్‌పీ (వాపు ఉన్నప్పుడు పెరిగే ప్రొటీన్) లాంటివి తక్కువ వస్తాయి. ఈథర్, క్లోరోఫామ్‌తో కడగడం అసలే వద్దు.

బెజవాడ_టెక్నీషియన్:

చాలా థాంక్స్ మేడమ్, సార్. దగ్గర్లో మైక్రో సెంట్రిఫ్యూజ్ దొరికింది. 8.4 సెంటీమీటర్ల రోటర్, 10,400 ఆర్‌పీఎం, 15 నిమిషాలు. తేట సీరంలో ప్రొటీన్ 7.3, ఫాస్ఫరస్ 3.8, ఎస్‌జీపీటీ 41. యూరియా అసలు సీరంలో 28, తేట సీరంలో 29. ప్లాస్మా బ్లాంక్ చేస్తే హిమోగ్లోబిన్ 13.4 వచ్చింది. సెమీ ఆటోలో గ్లూకోజ్ కూడా చూడమంటున్నారు. 505 దగ్గర సెలైన్‌లో శాంపిల్ బ్లాంక్ పెట్టి తీసేయొచ్చా?

గుంటూరు_బయోకెమ్:

యూరియా రెండుసార్లూ చూడటం చాలా మంచి పని. మసక పెద్దగా పట్టని ఒక టెస్టుని రెండింటిలోనూ వేసి, తేడా మీ మెషీన్ మామూలు తేడాలోపే ఉంటే, తేట చేయడంలో సీరం పాడవలేదని ధైర్యం. తేట సీరంలో అంకె రెండు మూడు శాతం పెరిగితే కంగారు పడొద్దు. కొవ్వు ఆక్రమించిన చోటు పోయింది కాబట్టి అది సహజమే.

గ్లూకోజ్ బ్లాంక్ పెట్టొచ్చు, కానీ అది ఎక్కువ తీసేస్తుందని గుర్తుంచుకోండి. 10 మైక్రోలీటర్ల సీరం, 1 మిల్లీలీటరు రీఏజెంట్. టెస్టు 0.640, స్టాండర్డ్ 100కి 0.200 అయితే 320. అదే 10 మైక్రోలీటర్లు సెలైన్‌లో 0.085 వస్తే, తీసేశాక 0.555, అంటే 278. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. కిట్‌లో డిటర్జెంట్ ఉంటే టెస్టు క్యువెట్‌లో మసక కొంత కరిగిపోతుంది, సెలైన్‌లో కరగదు. తేట సీరంతో వేయడమే మేలు. మీ దగ్గర ఇప్పుడు అది ఉంది కదా.

రిపోర్టులో ఈ ముక్క రాయండి: "సీరం తీవ్రంగా లైపీమిక్. ట్రైగ్లిజరైడ్స్, కొలెస్టరాల్ అసలు సీరంలో చేసినవి. మిగతా బయోకెమిస్ట్రీ టెస్టులు హై స్పీడ్ సెంట్రిఫ్యూజ్ తర్వాత చేసినవి. ఎలక్ట్రోలైట్లు డైరెక్ట్ ఐఎస్‌ఈ. హిమోగ్లోబిన్ ప్లాస్మా బ్లాంక్‌తో సరిచేసినది. ఎల్‌డీఎల్ లెక్కించలేదు." మొదట వచ్చిన అంకెలు, ఏం చేశారన్నది రిజిస్టర్లో ఉండాలి. మూడు నెలల తర్వాత ఎవరైనా అడిగితే చూపించగలగాలి. ఆ సీరం వెళ్ళిన ఎలక్ట్రోలైట్ మెషీన్‌కి ఒక క్లీనింగ్ సైకిల్ ఇచ్చి, కంట్రోల్ పెట్టి చూశాకే తర్వాతి పేషెంట్‌ది వేయండి. కొవ్వు ట్యూబింగ్‌కి అంటుకుంటే తర్వాతి రీడింగులు జారతాయి.

వార్డు_డాక్టర్:

ల్యాబ్ వాళ్ళందరికీ ఒక విన్నపం. ట్రైగ్లిజరైడ్స్ టెస్టు రాయకపోయినా సీరం పాలలా కనపడితే ఫోన్ చేసి చెప్పండి. ట్రైగ్లిజరైడ్స్ వెయ్యి దాటితే పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చే ప్రమాదం ఉంది. కడుపునొప్పితో వచ్చిన పేషెంట్ అయితే అది మాకు చాలా పెద్ద సమాచారం.

అలాంటి కేసులో అమైలేజ్ (క్లోమం ఎంజైమ్) నార్మల్ వచ్చిందని నిశ్చింతగా ఉండలేం. కొవ్వు ఎక్కువున్న సీరంలో అమైలేజ్ తప్పుగా నార్మల్ రావచ్చు. సెలైన్‌తో వరసగా 1+1, 1+3, 1+7 చేసి చూడండి. గుణించిన విలువ ప్రతిసారీ పెరుగుతూ పోతే అడ్డు పడుతున్నది కొవ్వే. క్లోమం నుంచే వచ్చే లైపేజ్‌కి ఈ బాధ తక్కువ, అందుకని రెండూ వేయండి. ఈ సందర్భంలో మళ్ళీ పరగడుపున రమ్మని పంపేయకండి. ఉన్న శాంపిల్‌తోనే ఎంత ఇవ్వగలిగితే అంత ఇవ్వాలి.

ఐసీయూలో నరానికి కొవ్వు ఎమల్షన్ గానీ ప్రొపోఫాల్ (కొవ్వులో కలిపిన మత్తుమందు) గానీ ఎక్కుతుంటే శాంపిల్ రెండో చేతినుంచి తీయాలి. ఎమల్షన్ ఆపి 8 గంటలయ్యాక తీస్తే మంచిది.

నరసరావుపేట_కలెక్షన్:

మళ్ళీ శాంపిల్ తీసేటప్పుడు అడగాల్సిన ప్రశ్న మార్చండి. "పరగడుపేనా?" అంటే అందరూ అవుననే అంటారు. "రాత్రి ఎన్నింటికి తిన్నారు, ఏం తిన్నారు, పొద్దున టీ తాగారా?" అని అడగాలి. ఈ పేషెంట్ పదింటికి తిని ఏడింటికి వచ్చారు, అంటే 9 గంటలే. పన్నెండు గంటలు కావాలంటే ఏడింటికల్లా భోజనం అయిపోవాలి. ఆ రాత్రి ఉలవచారులో వెన్న, బిర్యానీ, మిరపకాయ బజ్జీలు వద్దని ముందే చెప్పాలి. మద్యం ముందు రోజంతా వద్దు. పొద్దున మంచినీళ్ళు తాగొచ్చు, పాలు పోసిన టీ తాగితే పరగడుపు కాదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళయితే రాత్రి, పొద్దున డోసు సంగతి డాక్టరుగారిని అడిగి రమ్మనండి. ఖాళీ కడుపుతో సూది వేసుకుని వచ్చి కుర్చీలో కూలబడితే ప్రమాదం.

పన్నెండు గంటలు నిజంగా ఉండి వచ్చినా సీరం మళ్ళీ తెల్లగానే ఉంటే అది రాత్రి భోజనం వల్ల కాదు. అదుపులో లేని షుగర్, మద్యం, థైరాయిడ్ తక్కువ ఉండటం, కిడ్నీలోంచి ప్రొటీన్ పోవడం, స్టెరాయిడ్ మాత్రలు, ఇలాంటివాటిలో ఏదో ఉండొచ్చు. "12 గంటల పరగడుపు తర్వాత కూడా లైపీమిక్" అని రిపోర్టు కింద రాస్తే డాక్టరుగారికి వెతకాల్సిన దిక్కు తెలుస్తుంది.

బెజవాడ_టెక్నీషియన్:

డాక్టరుగారికి ఫోన్ చేసి 2860 సంగతి, సోడియం 136 సంగతి చెప్పాను. కడుపునొప్పి లేదట. పెద్ద ల్యాబ్‌కి కూడా చెప్పాను, వాళ్ళు 130ని వెనక్కి తీసుకుని ఇండైరెక్ట్ పద్ధతి అని రాసి మళ్ళీ పంపుతున్నారు. హెచ్‌డీఎల్ కిట్ కాగితం చూశాను, ట్రైగ్లిజరైడ్స్ హద్దు మాకు వచ్చినదానికన్నా తక్కువే ఉంది, దాన్నీ ఆపాను. గురువారం పొద్దున 7:30కి రమ్మన్నాం, బుధవారం రాత్రి ఏడింటికల్లా ఇడ్లీ తినేసి పడుకోమని చెప్పాం.

ఈడీటీఏ_ట్యూబు:

గురువారం సీబీసీ వేసినప్పుడు హిమోగ్లోబిన్ 13.4 దగ్గరే వస్తుందో లేదో ఇక్కడ రాయండి.